నూరువరహాల మొక్క, ఓబులమ్మ మేక

ఆషాఢం, శుక్రవారం.

ముదురుపచ్చ ఆకులతో గుబురుగా పెరిగిన నా నూరువరహాల మొక్కను పక్కింటి ఓబులమ్మ మేకలు రెండుసార్లు మొండి చేశాయి. అందుకని పొద్దున దాని మీద మేక పెంటికలు కలిపిన నీళ్లు చల్లాను.

మధ్యాహ్నానికి ఓబులమ్మ గోడ మీద నుంచి అరిచింది. "ఏందత్తా, చెట్టుకు ఏం మందు పోసినావు? నా మేక కాళ్లు కొట్టుకుంటాంది. అది చస్తే నిన్ను మునసబు ముందరికి ఈడుస్తా!"

"మందు కాదే, నీ మేకల పెంటికలే. ఆ వాసనకు మేక మూతి పెడుతుందా?"

"అట్లయితే నువ్వు నమిలి చూపియ్యి."

అరుపులకు మూగిన వీధివాళ్లందరూ చూస్తుండగా రెండాకులు నమిలాను. ఓబులమ్మ గోడ దగ్గర నుంచి తప్పుకుంది.

సాయంత్రం చూస్తే కింది కొమ్మను మేక కొరికి ఉంది. ఎవరి కంటా పడకముందే తుంచి పొయ్యిలో పెట్టాను. నాకేమీ కాలేదు గానీ, గోడ అవతల మేక ఇంకా మూలుగుతోంది. ఓబులమ్మ ఏమైపోయినా సరే, ఆ మేక మాత్రం బతకాలి.