గవాచిలోంచి పొగ గొట్టం

జూన్ 11
మిద్దెకు వెలుతురు కోసం వదిలిన గవాచిలోంచి పైకి తీసిన పొయ్యి గొట్టం వంగిపోయింది. పెట్టి పది రోజులు కాలేదు. నిన్న సాయంత్రం కొండ గాలికి మునగ చెట్టు ఊగింది, దానికి కట్టిన తీగ గొట్టాన్ని లాగేసింది... మా ఆయన ఘనకార్యం. ఊగే చెట్టుకు, అందులోనూ మునగ చెట్టుకు, తీగ కడతారా ఎవరైనా? అడిగితే, "దగ్గర్లో అదే ఉండె" అన్నాడు. వంటింట్లో మళ్లీ పొగ.

జూన్ 12
అత్త దగ్గుతూనే మళ్లీ పొయ్యి ముందు చేరింది. పొగలో కూర్చుంటే ఊపిరితిత్తులు తట్టుకోవు, పొయ్యి మాన్పించండి అని డాక్టరు గట్టిగానే చెప్పారు. వింటేగా. నలభై ఏళ్లుగా ఆమె జొన్నరొట్టె కట్టెల మంట మీదే. నేను గ్యాసు మీద చేసిన దాన్ని వేలితో నొక్కి చూసి — "ఇది రొట్టెనా ఏంది?" కోపం వచ్చింది. ఆమె మాట నిజమే కాబట్టి ఇంకా వచ్చింది.
గొట్టం నిలవకపోతే ఆమెను పొయ్యి దగ్గర నుంచి లేపాలి. ఎవరు లేపుతారు? నేనే.

జూన్ 14
గిద్దలూరు వెళ్లాను. రేకుల పని చేసే ఖాసిం మామ దుకాణం. వంగిన గొట్టం ఫోన్‌లో చూపించాను. నవ్వుతారనుకున్నా, నవ్వలేదు. "మిద్దె గవాచిలోంచే పైకి తీసినారు, మంచి పనే. బండ పగలగొట్టలేదు కదా. ఎల్లుండి వస్తా కోడలా."

జూన్ 16
వచ్చారు. డెబ్బై ఉంటాయేమో. నిచ్చెన ఎక్కుతుంటే నాకు దడ, ఆయనకు లేదు. గాలి ఎటు నుంచి కొడుతుందని అత్తను అడిగారు. మేమెవరమూ ఆమెను అడగలేదు ఇంతవరకు!
"పడమటి నుంచే అన్నా. ఆషాఢం వచ్చిందంటే ఆరేసిన బట్టలు గూడ నిలవవు."
పాత తీగలు పీకేసి, వంగిన గొట్టాన్ని సాపు చేసి నిలబెట్టారు. పిట్టగోడకు మూడు దిక్కులా మూడు కొక్కేలు, మూడు తీగలు. బిగించాక ఒక్కో తీగను గోటితో మీటి, తల వంచి విన్నారు. ఒకటి సన్నగా పలికింది. వదులు చేశారు. మళ్లీ మీటారు... మూడూ ఒకేలా పలికేదాకా గంట పట్టింది.
"ఒకటి ఎక్కువ లాగితే గొట్టం దాని దిక్కే పోతది. అన్నీ సమంగా లాగినాయనుకో, యాడికీ పోదు."
మా ఆయన నోరు తెరుచుకుని చూస్తున్నాడు. నేనూ అంతే. చదువుకున్నవాళ్లమని మాకు పేరు.
గొట్టం చుట్టూ మిగిలిన సందుకు సున్నంలో బెల్లం నీళ్లు కలిపి మెత్తారు. కింద పొయ్యి నోటి దగ్గర అగరొత్తి పట్టుకున్నారు. పొగ లోపలికి వంగి, గొట్టంలోకి ఎక్కిపోయింది. ఎంత బాగుందో. ఊరికే ఏడుపొచ్చింది నాకు.

జూన్ 17
రొట్టెలు. కళ్లు మండలేదు.

జూన్ 23
పెద్ద గాలి. బేస్తవారిపేట దారిలో చెట్లు పడ్డాయట. మా గొట్టం కదల్లేదు. మా ఆయన మిద్దె ఎక్కి మూడు తీగలూ మీటి వచ్చి, "అన్నీ ఒకటే పలుకుతున్నాయి" — తనే బిగించినట్టు. పోనీలే.
ఖాసిం మామకు ఫోన్ చేసి చెప్పాను. "నిలుస్తది లేమ్మా" అన్నారు, అంతే. నేనైతే ఊరంతా చెప్పుకునేదాన్ని. ఏం మనిషి!

జూలై 2
పదిహేను రోజులుగా పొయ్యి ముందు అత్త దగ్గలేదు. ఎంత సంబరపడ్డానో.
ఇవాళ బిందె తీసుకుని బయటికి వచ్చాను. చెప్పులు వేసుకుంటుంటే — లోపల దగ్గు. ఆగకుండా. నోట్లో కొంగు కుక్కుకుని దగ్గుతోంది. నేను లోపలికి వెళ్లగానే ఆగిపోయింది. కళ్ల నిండా నీళ్లు.
"ఏందత్తా?"
"ఏముంది? పొగ లేదు గదా ఇప్పుడు."
నా వైపు చూడలేదు. రొట్టె తిప్పింది. నేను లేపేస్తానని భయం ఆమెకు.
రేపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. చెప్పానంటే పొయ్యి మాన్పిస్తారు. చెప్పకపోతే...
వేడి వేడి రొట్టె చేతిలో పెట్టింది. తిన్నాను.