రూతు అంటించిన స్ఫటికం

ఏమండీ,

మీరు ప్రభువు దగ్గరికి వెళ్లి ఇవాళ్టికి రెండేళ్లు. ఈ ఉత్తరం మీకు అందదని తెలుసు. అయినా చెప్పాలి. మీరు ఎదురుచూసిన మన రూతు పీహెచ్‌డీ వైవా నిన్న జరిగింది. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి నేనూ వెళ్లి, వెనక వరుసలో కూర్చున్నాను.

దవాఖానలో స్కానింగ్ మిషన్లకు పనికొచ్చే, కరెంటు పెడితే సాగి ముడుచుకునే రిలాక్సర్ ఫెర్రోఎలక్ట్రిక్ స్ఫటికం మీదికి న్యూట్రాన్లు పంపి, లోపల పరమాణువులు ఎటు జరుగుతున్నాయో చూసింది మన బిడ్డ.

"మొదటిసారి తీసిన కొలతలు ఏవమ్మా?" అని పరీక్ష చేయడానికొచ్చిన పెద్దసారు అడిగారు.

మొదటిసారి రూతు స్ఫటికాన్ని స్టాండుకు మామూలు జిగురుతో అంటించింది. జిగురులోని హైడ్రోజన్ న్యూట్రాన్లను చెదరగొట్టి వారం పని పాడుచేసింది. "ఆ మాట ఎత్తకు బిడ్డా, ఫెయిల్ చేస్తరు" అని పొద్దున నేనే చెప్పాను.

రూతు తల వంచలేదు. "నా తప్పే సార్. జిగురు పెట్టిన. రెండోసారి అల్యూమినియం తీగతో కట్టిన."

సారు నవ్వారు. "నా పీహెచ్‌డీల నేను మైనం పెట్టి చెడగొట్టిన తల్లీ. ఒప్పుకోనీకి ఏడాది పట్టింది."

పాసయింది.

మందిరంలో అందరి ముందు ప్రభువు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి నేనెప్పుడూ లేవలేదు కదా. ఈ ఆదివారం లేస్తాను. దాచిపెట్టమన్నది నేనేనని కూడా చెప్తాను.

మీ సుగుణ