మడమలు కుట్టిన మిల్లు

చెల్లీ, ఇస్త్రీ మర కింద నలిగిన కుడిచెయ్యి మానింది, వేళ్ళే ముడుచుకోవడం లేదు. బెంగపడకు.

వికలాంగుల పింఛను కోసం బీమా ఆఫీసుకు వెళ్ళాను. లాండ్రీలో చేసిన ఏళ్ళు మాత్రమే పింఛనుకు సరిపోవేమోనని హడలిపోయాను. గుమస్తా అమ్మాయి కంప్యూటరు నావైపు తిప్పి, "మేజోళ్ళ మిల్లులోనూ చేశారు కదమ్మా, అదీ లెక్కలోకి వస్తుంది" అంది. మనిద్దరం మడమలు కుట్టిన మిల్లే. దాని గోడలు కూడా మిగల్లేదు, మన పని లెక్క మాత్రం ఎవరో భద్రంగా దాచారు. తెర మీద నా పేరు రెండుసార్లు చదువుకున్నాను.

చూపు మందగించి పని మానేశావటగా. మానేసి మరీ ఎక్కువ కాలమైతే పాత పని చెల్లదట, వెంటనే బీమా ఆఫీసుకు వెళ్ళి నీ పింఛను అడుగు. మరిదిగారి దగ్గు తగ్గిందా? నా ఊలు శాలువా ఎవరైనా వస్తుంటే పంపు.

ఎడమచేత్తో రాశాను, అక్షరాలు ఆనకపోతే కోడలి చేత చదివించుకో. పిల్లలు చల్లగా ఉండాలి. మిల్లులో నీ కుర్చీ నా పక్కదే. నా పేరు దొరికిన చోట నీదీ ఉంటుంది.

అక్క