కంట్లో దొరికిపోయాను

ఏమయ్యా,

నువ్వు పోయి ఏడాది నిండిన వారానికే నీ పరువు తీశాను. ఈ రోజు తొండుపల్లిలో కంటి పరీక్షలు పెడితే, అద్దాల కోసం కోడలు నన్ను తీసుకెళ్లింది. డాక్టరమ్మ నా కంట్లోకి లైటు వేసి చాలాసేపు చూసింది.

"బీపీ గోలీలు బంద్ చేసినవా అమ్మా? ఒళ్లు కోయకుండ రక్తనాళాలు కనబడేది కంట్లనే. నీవి సన్నబడ్డయి. గుండె మీద భారం పడుతున్నది."

"రోజూ నేనే ఇస్త గద మేడం," అంది కోడలు.

ఆమె ఇచ్చిన గోలీ నాలుక కింద దాచి, ఆమె అటు తిరగ్గానే మందారం కుండీలో ఉమ్మేస్తున్నాను. నువ్వు పోయాక దాన్ని మింగబుద్ధి కాలేదు. ఎయిర్‌పోర్టు డ్యూటీకి వెళ్లే ముందు నువ్వు గోలీ నా అరచేతిలో పెట్టి, నేను నీళ్లు తాగేదాకా కారు తీసేవాడివి కాదు.

ఇంటికొచ్చాక కోడలు గోలీ, నీళ్లు ఇచ్చి ఎదురుగానే నిలబడింది. మింగాను.

"జర నోరు తెరువు అత్తమ్మా," అంది.

తెరిచి చూపించాను. నువ్వు ఒక్కనాడూ అలా అడగలేదు.