నాంచారయ్య ఎక్కడున్నారని ఎవరిని అడగాలి

జూన్ 11
పొద్దున్నుంచీ ఇదే గోల. ఫోన్లో నాంచారయ్య అని కొడితే పేజీ రావట్లేదు. నిన్న ఇంటికి కొత్త రౌటరు బిగించాక మొదలైంది. ఇంటి వెనక రొయ్యల చెరువులో ఆక్సిజన్ ఎంతుందో ఎప్పటికప్పుడు చెప్పేది నా పాత కంప్యూటరు చూపించే ఆ పేజీ ఒక్కటే. అది చూసే నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్లు వేస్తాం. ఆలస్యమైతే పంటంతా చచ్చి తేలుతుంది.
బావగారు గుమ్మంలోనే అందుకున్నారు — "చూశావామ్మా, నువ్వు చేసినవన్నీ ఆడుకోడానికి బాగుంటాయి. చెరువుకి గుడివాడ కంపెనీ వాళ్ల మీటరు పెట్టించేద్దాం."
నేనుండగా పెట్టించరు.

జూన్ 11, సాయంత్రం
అత్తయ్య ఫోన్లో మాత్రం పేజీ వస్తోంది. ఆ కంప్యూటరు మెషిన్‌కి నేను పెట్టింది పోయిన మావయ్య పేరే కదా — చెరువు తవ్వించింది ఆయన. అత్తయ్య భర్త పేరు నోటితో అనరు, వేలితోనూ కొట్టరు. అందుకే ఆవిడకి పేరు బదులు అంకెల అడ్రసు పెట్టిచ్చాను. అంటే నా పాత కంప్యూటరూ బాగుంది, అందులో దాన్ని నడిపే లినక్సూ బాగుంది. పేరు అడిగితే చోటు చెప్పేవాళ్లే లేరు.
"నాకు కనపడుతున్నారుగా ఆయన..." అని నవ్వారు.
కానీ రీడింగు నిన్నటిది. చెరువులో మీటరు కూడా నా మెషిన్‌ని పేరుతోనే వెతుక్కుంటోంది మరి.

జూన్ 12
దొరికింది. పాత రౌటరు పేర్లన్నీ నా మెషిన్‌ని అడిగేది. కొత్తది బయటివాళ్లని అడుగుతోంది. మా మావయ్య ఎక్కడున్నారో వాళ్లకేం తెలుసు?
మార్చబోతే ఆ సెట్టింగుకి తాళం. రౌటరు ఇచ్చిన ఇంటర్నెట్ వాళ్లకి ఫోన్ చేశాను. "కస్టమర్లు మార్చకూడదండీ." ఎందుకండీ? "మార్చకూడదండీ, అంతే."
ఒళ్లు మండింది.
మీటరులోనూ అంకెలే పెట్టేయొచ్చు. పెట్టను. వాళ్లు రౌటరు మార్చినప్పుడల్లా నేను చెరువులో దిగాలా?

జూన్ 13
వాన. ఈయన రోజంతా చేతి మీటరు పట్టుకుని గట్టు మీద తిరుగుతున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

జూన్ 14
ఇంట్లో ఫోన్లకీ మీటరుకీ అడ్రసులిచ్చే, పేర్లు ఎవరిని అడగాలో చెప్పే పనే రౌటరు చేతిలోంచి లాగేసుకున్నాను. ఆ బటనుకి తాళం వేయడం మర్చిపోయారు పాపం. ఇక అడ్రసులిచ్చేదీ పేర్లు చెప్పేదీ నా మెషినే. కొత్తగా ఏది వచ్చి అడిగినా నేను ఒప్పుకుంటేనే జవాబు.
రీడింగు వచ్చింది. ఇప్పటిది.
ఈయన చేతి మీటరు ముంచి చూసి, ఫోన్ చూసి — "రెండూ ఒకటే."
ఏడుపొచ్చింది. వంటింట్లోకి వెళ్లిపోయాను.

జూన్ 15
బావగారు తగ్గరు. "మళ్లీ పోతే? నువ్వు ఊళ్లో లేకపోతే?"
ప్రశ్న సరైందే. అందుకే కోపం. చల్లపల్లి వెళ్లి, కరెంటు పోయినా ఆగకుండా మెషిన్‌కి పెద్ద బ్యాటరీ తెచ్చుకున్నాను. ఇప్పుడది ఆగితే ఇల్లంతా ఆగుతుంది.

జూన్ 16
బావగారు నాకు చెప్పకుండా గుడివాడ కంపెనీ ఆయన్ని పిలిచేశారు. గట్టు మీద వాళ్ల మీటరు పెట్టె బిగించారు. వైఫై పాస్‌వర్డు బావగారే ఇచ్చారట. గంటసేపటి నుంచీ ఇద్దరూ అక్కడే. "సిగ్నల్ ఫుల్లుగా ఉందండీ, మా సర్వరే దొరకట్లేదు..."
ఎందుకు దొరకట్లేదో నాకు తెలుసు. వాళ్ల కంపెనీ ఎక్కడుందో చెప్పమని ఆ పెట్టె నా మెషిన్‌ని అడుగుతోంది. తెర మీద వరసగా కనబడుతోంది. ఒప్పుకోవడానికి నేను ఒక్క మీట నొక్కితే చాలు.
"ఏంటమ్మాయ్, అన్నిసార్లు అడుగుతోంది?" అత్తయ్య, నా భుజం మీదుగా.
"అడగనివ్వండి అత్తయ్యా."
బావగారు గట్టు దిగి ఇటే వస్తున్నారు.