పెళ్ళిలో పసుపు గౌను

ప్రియమైన అక్కకు,

చెల్లెలి నమస్కారాలు. ఇక్కడ నేనూ, మా ఆయనా బాగానే ఉన్నాం. ఆయన దగ్గు కూడా మూడు రోజులుగా మొహం చాటేసింది. అక్కడ నువ్వూ, బావగారూ, నీ క్లాసులో ఉన్న నలభై తలనొప్పులూ కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను.

ఫోను చేతిలో ఉండగా ఈ అక్కాచెల్లెళ్ళకి ఉత్తరాల పిచ్చేమిటని బావగారు నవ్వుతారని తెలుసు. ఫోనులో అయితే రెండో మాటకే నువ్వు అడ్డొస్తావు. లెక్కల టీచరువి కదా, ఎదుటివాళ్ళు ప్రశ్న పూర్తి చెయ్యకముందే జవాబు చెప్పేస్తావు. ఈసారి నేను చెప్పేది చివరిదాకా వినాలి. అందుకే కాగితం.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. మేం బట్టలు కుడుతున్న సీరియల్లో సర్వేయరు వేషం వేసేవాడు అందగాడే, కాకపోతే నేను కుట్టిన కోటు తొడుక్కున్నంతసేపే. విప్పితే బ్యాంకులో కౌంటరు దగ్గర కూర్చునే మనిషిలా ఉంటాడు. హీరోయిన్ కాళ్ళకి రబ్బరు చెప్పులే. గౌను నేలదాకా ఉంటుంది కాబట్టి నూటయాభై ఏళ్ళ కిందటి దొరలింటి అమ్మాయి హవాయి చెప్పులేసుకుందని ఎవరికీ తెలియదు. నా నడుం నొప్పి తగ్గింది. నువ్వు చెప్పినట్టు కుర్చీలో దిండు పెట్టుకున్నాను. సీరియల్ పుస్తకంలాగే ఉంటుందా అన్నావు. ఆరువందల పేజీల నవలని ఎనిమిది భాగాల్లో ఇరికించడమంటే పెట్టె మీదెక్కి కూర్చుని మూత వెయ్యడమే. ఎక్కడో ఒక చొక్కా చెయ్యి బయట వేలాడుతూనే ఉంటుంది. చదివినవాళ్ళు తిడతారు, చదవనివాళ్ళు ఏడుస్తారు, మా కుట్టుగదిలో పన్నెండు మిషన్లూ ఆడుతూనే ఉంటాయి.

ఇంకొక ప్రశ్న ఉంది. "నువ్వు పుస్తకం మళ్ళీ చదివావా?" అని రెండు ఉత్తరాల నుంచి అడుగుతున్నావు. నేను రెండుసార్లూ వాతావరణం గురించి రాసి తప్పించుకున్నాను. మళ్ళీ చదవడానికి మొదట ఒకసారి చదివి ఉండాలి కదా. అసలు చదవనే లేదు అక్కా. ఉద్యోగంలో చేరేటప్పుడు మా కుట్టుగది మాస్టరు, "కథ తెలుసా అమ్మా?" అని అడిగితే, "నాలుగుసార్లు చదివాను సార్, కంఠతా వచ్చు" అన్నాను. కంఠతా వచ్చిన మాట నిజమే. ఆ కంఠం మాత్రం నీది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, జ్వరం కీళ్ళలోంచి గుండెకెక్కి ఆరు నెలలు మంచం దిగని రోజుల్లో, నువ్వు బడి నుంచి రాగానే నా పక్కన కూర్చుని ఈ నవల చదివి వినిపించావు. పొలాలు కొలవడానికి సర్వేయరు వస్తాడు, ఆ ఇంటి రెండో కూతురితో మనసు కలుస్తుంది, మాట పట్టింపుతో విడిపోతారు, మళ్ళీ కలుసుకుని పెళ్ళి చేసుకుంటారు. నాకు వాళ్ళ ప్రేమ కన్నా ఆ అమ్మాయి చెల్లెలు, తొమ్మిదేళ్ళ చిన్నది, ఎక్కువ ఇష్టం. దానికి నాలాగే జ్వరం వస్తుంది, తగ్గుతుంది. లేచి తిరుగుతూ, "సర్వేయరు గారూ, మా పిల్లి ఎంత పొడవుందో కొలిచి పెట్టండి" అని వెంటపడుతుంది. అక్క పెళ్ళిలో పసుపు గౌనులో నిలబడుతుంది. పిల్లలు ఎదుగుతారని ఆ రోజుల్లో గౌను కింద మడతలు కుట్టి ఉంచి, ఏడాదికొకటి విప్పేవాళ్ళట. "పెళ్ళినాటికి మడతలన్నీ విప్పేశారు, అంత ఎదిగింది" అని నువ్వు చదివిన వాక్యం నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

పోయిన నెల మాస్టరు షూటింగుకి వెళుతూ పెళ్ళి ఘట్టంలో కుటుంబానికంతటికీ బట్టలు సిద్ధం చెయ్యమని నాకప్పగించారు. ఏ సీనులో ఎవరుంటారో రాసిన లిస్టు గోడకే ఉంది. కంఠతా వచ్చినదానికి లిస్టెందుకు? మొదటి మూడు భాగాల్లో చిన్నది వేసుకున్న గౌనుకి జోడీగా అదే పసుపు బట్టతో ఇంకొకటి కుట్టాను. మడతలు కుట్టి, ఇస్త్రీ చేసి, మళ్ళీ విప్పాను, పాత గీతలు బట్ట మీద కనపడాలని. నా చేతిమీదుగా ఇంత మంచి పని ఇంతకుముందు జరగలేదు.

మాస్టరు తిరిగొచ్చి దాన్ని చూశారు. ఎప్పుడూ పెదాల మధ్య గుండుసూదులు ఉండే మనిషి, వాటిని తీసి డబ్బాలో వేసి మరీ అడిగారు.

"ఇదెవరికమ్మా?"

"చిన్నదానికి సార్. అక్క పెళ్ళిలో."

"అది నాలుగో భాగంలోనే జ్వరంతో పోతుంది కదా. పోయిన పిల్లకి పెళ్ళి గౌను కుట్టావా?"

"పోదు సార్, తగ్గిపోతుంది. పిల్లిని కొలవమని సర్వేయరుని సతాయించేది ఆ తరవాతే కదా."

"ఏ పిల్లి?"

మిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. పక్క మిషన్ ఆవిడ నవ్వు ఆపుకోలేక దారపు ఉండ కోసమన్నట్టు బల్ల కిందికి వంగింది. మాస్టరు నవ్వలేదు. అలమరలోంచి పుస్తకం తీసి నా చేతిలో పెట్టారు. "నాలుగుసార్లు చదివానన్నావు. అయిదోసారి చదివి సోమవారం నిజం చెప్పు. తెలియకపోతే తెలియదనాలి. తెలుసని బొంకిన మనిషికి కత్తెర ఇవ్వలేనమ్మా" అన్నారు. ఉద్యోగం ఊడినట్టేననుకున్నాను. ఇంత ఇష్టమైన పని నాకు మళ్ళీ దొరకదు, నీకు తెలుసు.

ఆదివారం పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చున్నాను. ఇరవైమూడో అధ్యాయంలో చిన్నది పోయింది. జ్వరం గుండెకెక్కి, సరిగ్గా నాకు వచ్చినట్టే వచ్చి, మూడు పేజీల్లో పోయింది. ఆ తరవాత రెండువందల యాభై పేజీల్లో అది లేదు. పిల్లి కోసం చివరిదాకా వెతికాను, పిల్లీ లేదు. పెళ్ళిలో పసుపు గౌను లేదు, మడతలు లేవు. మా ఆయన కాఫీ తెచ్చి, నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో తేలక, కప్పు అక్కడ పెట్టి వెళ్ళిపోయారు.

అప్పుడు గుర్తొచ్చింది. ఒక సాయంత్రం చదువుతూ చదువుతూ ఆగిపోయి, "గొంతెండింది, నీళ్ళు తాగొస్తా" అని వెళ్ళావు. చాలాసేపటికి వచ్చావు. కళ్ళు ఎర్రగా ఉన్నాయేమని అడిగితే ఉల్లిపాయలు తరిగానన్నావు. ఆ రోజు అమ్మ పొద్దున్నే వంట చేసి పెట్టి పనికెళ్ళింది. పదిహేనేళ్ళ పిల్లవి, లోపల నిలబడి ఏడ్చి, మొహం కడుక్కుని, వచ్చి ఆ చిన్నదాన్ని బతికించావు. బతికించి ఊరుకుంటే సరిపోదు కదా. అక్కడి నుంచి ప్రతి పేజీలోనూ దానికి చోటు చెయ్యాలి, మాటలు పెట్టాలి, ఊడిన పన్ను మళ్ళీ మొలిపించాలి. నెల రోజులు ఒక్క తప్పు దొర్లకుండా నడిపావు. నవలని తెరకి మార్చడానికి ఇక్కడ అరవైమంది కిందామీదా పడుతున్నాం. నువ్వు ఒక్కదానివే, నా మంచం పట్టె మీద కూర్చుని మార్చేశావు.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న సోమవారం దాకా ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, అమ్మకీ, మా ఆయనకీ, నీకూ.

వరండాలో డాక్టరు నాన్నతో, "గుండె దెబ్బతింది, ఏమీ చెప్పలేం" అన్న రోజు నేను నిద్రపోవడం లేదు. కళ్ళు మూసుకుని విన్నాను. ఎలాగూ పోయేదాన్నే కదా అని ఆ మర్నాటి నుంచి చేదు మందు మింగకుండా మంచానికీ గోడకీ మధ్య ఉమ్మేసేదాన్ని. అలా వారం గడిచింది. అప్పుడే నువ్వు చదివే కథలో చిన్నదానికి జ్వరం వచ్చింది. నేను లోపల పందెం కట్టుకున్నాను. అది లేస్తే నేనూ లేస్తాను. అది పోతే నేనూ పోతాను.

నువ్వు నీళ్ళు తాగొచ్చి, "తెల్లారేసరికి దానికి చెమట పట్టి జ్వరం దిగింది, ఆకలేస్తోందని అడిగింది" అని చదివావు. ఆ రాత్రి నుంచి నేను మందు ఉమ్మలేదు.

నన్ను బాగుచేసింది మందేనని నాకూ తెలుసు. కానీ మింగించింది నువ్వు. పుస్తకంలో లేని మాటలు చదివావని నాకు నీ మీద కోపం వస్తుందేమోనని భయపడి ఉంటావు, అందుకే కదా అన్నిసార్లు అడిగావు. పిచ్చి అక్కా, నీ రుణం ఎలా తీర్చుకోను? నువ్వు ఆ మూడు పేజీలూ ఉన్నదున్నట్టు చదివి ఉంటే ఈ ఉత్తరం రాసే చెయ్యి ఉండేది కాదు.

సోమవారం మాస్టరుకి ఇదంతా చెప్పేశాను, చదవలేదన్నదీ, మందు సంగతీ. ఆయన గౌను అంచు పట్టుకుని మడతల గీతలు ఒక్కొక్కటీ చూశారు.

"మీ అక్క ఏం చేస్తుందమ్మా?"

"లెక్కల టీచరు సార్."

"అయ్యో" అన్నారు. తరవాత కత్తెర నా బల్ల మీద పెట్టి, "ఇకమీద లిస్టు చూసి కుట్టు. ఆ గౌను మాత్రం విప్పకు" అన్నారు.

నిన్న పెళ్ళి ఘట్టం తీశారు. అతిథుల్లో పిల్లలు కూడా కావాలన్నారు. మాస్టరు ఒక పిల్లకి తన చేత్తో ఆ గౌను తొడిగి, మూడో వరుసలో, తలుపు పక్కన నిలబెట్టారు. ఎవరూ ఏమీ అడగలేదు. నాలుగో భాగం వచ్చే రోజు నువ్వు టీవీ పెట్టకు, దానితో మనకి పనిలేదు. చివరి భాగానికి నేనే సెలవు పెట్టి నీ దగ్గరకి వస్తున్నాను, ఇద్దరం కలిసి చూద్దాం. కెమెరా తలుపు వైపు తిరిగేది రెండు క్షణాలే, రెప్ప వెయ్యకు. మడతలన్నీ విప్పేశాను అక్కా, అంత ఎదిగింది.

ఇట్లు,
నువ్వు పోనివ్వని
నీ చెల్లెలు