వెర్నా ఫ్రిజ్

జనవరి 6, 1997
ఆరేళ్ళ కిందట నేను హెర్నియా ఆపరేషనుకి వెళ్ళినప్పుడు క్లీటస్ వచ్చి వెర్నా వ్యాన్‌లో గ్యాస్ మంటతో నడిచే ఫ్రిజ్ వెలిగించాడు. అగ్గిపుల్ల గీశాడు, అంతే. బర్నర్‌లో సాలీడు గూళ్ళు తీసి, పొగగొట్టం తోమిపెట్టి వెళ్ళింది నేను. అప్పట్నుంచీ, చలికాలానికి వ్యాన్లలో వచ్చి ఉండే ఈ అరిజోనా ఎడారి క్యాంపులో ఫ్రిజ్ డాక్టరంటే క్లీటసే. నేను మర్చిపోలేదు.

జనవరి 9
పదకొండు చలికాలాలు నా పక్కనే వ్యాన్ ఆపిన వెర్నా ఇవాళ దాన్ని తీసుకెళ్ళి క్లీటస్ ఉండే దిబ్బ మీద పెట్టింది. అక్కణ్ణుంచి కొండలు కనిపిస్తాయట. నా పక్కన ఏం కనిపించలేదని అడిగా. నువ్వే కనిపించావు, చూసి చూసి మొహం మొత్తింది అంది.

జనవరి 12
ఆమె ఫ్రిజ్ చల్లబడ్డం లేదు. పాలు విరిగాయి. క్లీటస్‌ని పిలిచింది. నేను కుర్చీ అటు తిప్పుకుని కూర్చున్నా. బర్నర్‌కి గ్యాసొచ్చే సన్న బెజ్జం ముక్క, జెట్, విప్పి ఆల్కహాల్లో నానబెట్టాడు. బెజ్జం పాడయ్యేలా పిన్ను పెట్టి పొడవలేదు. అదీ వచ్చు వెధవకి. మంట నీలంగా వచ్చింది. వెర్నా చప్పట్లు కొట్టింది. నాకు ఒక్కసారీ కొట్టలేదు.

జనవరి 13
మంట బాగుంది. ఫ్రిజ్ వెచ్చగా ఉంది. హహ్.

జనవరి 14
నవ్వు పోయింది. వెర్నా తన ఇన్సులిన్ సీసా తీసుకెళ్ళి క్లీటస్ ఐసుపెట్టెలో పెట్టిందట. పొద్దునా సాయంత్రం వాడి తలుపు తడుతోంది. డాక్టరుగారికి సొంత ఫ్రిజ్ లేదు చూడు! రేపు ఆమె ఫ్రిజ్ ఊడబీకి తలకిందులు చేస్తాడట, లోపల చల్లబరిచే ద్రవం కదలాలట.
పాత గ్యాస్ ఫ్రిజ్ వాలి ఉంటే పనిచెయ్యదు. ఆ దిబ్బంతా ఏటవాలు. గ్లాసుడు నీళ్ళు బల్ల మీద పెడితే గుడ్డోడికైనా తెలుస్తుంది. నాకు తొమ్మిదో తారీఖునే తెలుసు. నోరు మూసుకున్నా. ఆమెని వాడి గుమ్మానికి పంపింది నేనే.

జనవరి 15
చెక్కలు రెండు పట్టుకెళ్ళి వెర్నా వ్యాన్ ఎడమ చక్రాల కింద పెట్టి సమం చేశా. ఎప్పట్నుంచి తెలుసు అంది. నువ్వెళ్ళిన రోజు నుంచి అన్నా. మొండి ముసలోడా, ఇన్నాళ్ళూ నా పాలు విరగ్గొట్టావా అని చెడతిట్టింది. క్లీటస్ దగ్గొచ్చేదాకా నవ్వాడు.

జనవరి 16
ఫ్రిజ్ చల్లబడింది. ఇన్సులిన్ వెనక్కి తెచ్చుకుంది. థాంక్స్ చెప్పలేదు.

జనవరి 17
ఆమె తలుపుకి కాయితం అంటించా. ఏం రాశానో ఇక్కడా రాసుకుంటున్నా.
వెర్నా, నా పక్కన నీ చోటు చుట్టూ పేర్చిన రాళ్ళు అలాగే ఉంచా. కెనడా ఆయనొకడు ఆ చోటు అడిగాడు. ఆదివారం చెప్తానన్నా. వస్తావా, రావా? శనివారం చీకటి పడేలోగా చెప్పు.